కింది గొంతు

ఇద్దరు కలిసి పాడేటప్పుడు ఒకరిది పై గొంతు, ఒకరిది కింది గొంతు. పాటంటే పై గొంతుదే. జనం ఇంటికెళ్తూ కూనిరాగం తీసేది దాన్నే. కింది గొంతు వాళ్ళు అవే మాటలు, అదే ఊపుతో, రెండు మూడు స్వరాలు దిగి పక్కనే నడుస్తుంటారు. వాళ్ళు ఉన్నట్టు ఎవరికీ పట్టదు. లేని రోజున మాత్రం పాట బోడిగా ఉంటుంది, ఎందుకో ఎవరూ చెప్పలేరు.

ఆ ఇంట్లో పై గొంతు అక్కది, కింది గొంతు చెల్లెలిది. ఎవరూ కూర్చోబెట్టి పంచింది కాదు. ఒకే మంచం మీద పెరిగిన పిల్లల్లో గోడ వైపు ఎవరో, అంచు వైపు ఎవరో ఎలా స్థిరపడిపోతుందో అలాగే స్థిరపడింది. అక్క ముందు పుట్టింది, పాట ముందు అందుకుంది. తర్వాత వచ్చిన చెల్లెలికి మిగిలింది ఆ కింది చోటే. కానీ ఆ చోటులో ఆమె ఎంత సుఖంగా ఇమిడిందంటే, పెళ్ళి విందుల్లోనూ కొత్త కొట్ల ప్రారంభాల్లోనూ ఎవరైనా అక్క గొంతు మెచ్చుకుంటే అక్కే అడ్డం వచ్చేది. నాదేముందండీ, నేను దారి తప్పకుండా పట్టుకునేది మా బుడ్డిదే, దాన్ని నిద్రలో లేపి పాడమన్నా ఒక్క స్వరం తప్పదు అనేది. బుడ్డిది అంటే చెల్లెలు. మనిషి అక్క కంటే జానెడు పొడుగు, అయినా ఆ పేరు పోలేదు.

తర్వాత అక్క మెడలో చిన్న గడ్డ వచ్చింది. ఆపరేషను చేసి తీసేశారు. గడ్డ ప్రమాదం లేనిదే గానీ, దాన్ని తీసేటప్పుడు గొంతుకు పోయే నరం ఒకటి కందింది. అక్క మాట గుసగుసయింది. బజార్లో కూరగాయల బేరం కూడా ఆమె మొగుడు, చెల్లెలి బావే, ఆడాల్సి వచ్చేది. పరదాలు కుట్టే కొట్టు ఉంది కాబట్టి బతుక్కి లోటు రాలేదు, కుట్టుమిషనుకు గొంతుతో పనిలేదు కదా. చెల్లెలికి మాత్రం చేతిలో గిటారు తప్ప వేరే పని రాదు. ఆదివారం మధ్యాహ్నాలు వీళ్ళిద్దరి చేత పాడించే హోటలాయన, ఒక్కదానివే వస్తావా, లేక వేరేవాళ్ళను చూసుకోమంటావా అని అడిగాడు. ఆమె వస్తానంది. వెళ్ళే ముందు ఒక పెట్టె కొంది.

వోకల్ హార్మనీ యూనిట్ అంటారు దాన్ని. కాలి దగ్గర పెట్టుకునే ఇనుప పెట్టె, ఇటుకంత ఉంటుంది. మైకు తీగ ఒక పక్క నుంచి లోపలికి వెళ్తుంది, గిటారు తీగ ఇంకో పక్క నుంచి. గిటారు ఏ శ్రుతిలో ఉందో అది వింటుంది. కాలితో తొక్కగానే చిన్న దీపం వెలుగుతుంది, పాడేవాళ్ళ గొంతునే తీసుకుని, రెండు మూడు స్వరాలు దించి, వెంటనే పక్కన నిలబెడుతుంది. ఒకరు పాడితే ఇద్దరు పాడినట్టు వినిపిస్తుంది. మళ్ళీ తొక్కితే ఆ రెండో మనిషి మాయం.

మొదటి ఆదివారం ఆ దీపం వెలిగినప్పుడు చెల్లెలికి చెవులు ఎర్రబడ్డాయి. హాల్లో అందరూ చెంచాలు ఆపి తనవైపు వేలు చూపిస్తారనుకుంది. ఎవరూ ఆపలేదు. హోటలాయన ఒక్కడే దగ్గరికొచ్చి పెట్టె చుట్టూ తిరిగి చూసి, ఈ రెండో అమ్మాయి నయమమ్మా, భోజనం పెట్టక్కర్లేదు అన్నాడు.

అక్క దగ్గరికెళ్ళి, నీ చోట్లో పెట్టెను కూర్చోబెట్టాను, నువ్వొచ్చిందాకానే అని చెప్పింది. అక్క తల ఊపి చేయి నొక్కింది. ఆ మాటలో ఉన్న చిన్న అబద్ధం అప్పుడే చెల్లెలికి తగిలింది. పెట్టె కూర్చున్నది అక్క చోట్లో కాదు, తన చోట్లో. అక్క చోట్లోకి తనే జరిగింది. జరిగి, ఆ పై గాలి ఎంత బాగుందో చూసుకుంది కూడా. పాట అయ్యాక జనం కళ్ళు వచ్చి వాలేది ఎక్కడో మొదటిసారి తెలిసింది.

అలా కొన్నేళ్ళు గడిచాయి. అక్క గొంతు నలిగిన గుడ్డ మడతలు విప్పుకున్నట్టు మెల్లగా విప్పుకుంది. పాత గొంతు కాదు. కాస్త దిగింది, కాస్త ఇసుక కలిసింది, ఒక్కో స్వరం దగ్గర చీరుకుపోతుంది. కానీ గొంతే. మిషను తొక్కుతూ కూనిరాగం తీస్తోందని బావ చెల్లెలికి రహస్యంగా చెప్పాడు. నేను విన్నట్టు తెలిస్తే ఆపేస్తుంది మరదలా, దొంగలా తలుపు పక్కన నిలబడి వింటున్నా నా పెళ్ళాం పాటని అన్నాడు.

ఒకరోజు అక్కే బయటపడింది. మీ హోటల్లో ఒక ఆదివారం, ఒక్క పాట పాడతానంది. పడవవాడి పాట, ఇద్దరూ మొట్టమొదట కలిసి పాడింది. అది బాగా వస్తే మళ్ళీ పాడుతుందట, రాకపోతే ఇక ఆ ఊసెత్తదట.

"భయం లేదా అక్కా?"

"నాకేం భయమే. కింద నువ్వుంటావు కదా. పడినా నీ మీదే పడతా."

ఆ మాటకు చెల్లెలు నవ్వింది.

కొట్టు వెనక గదిలో, గుడ్డల తానుల మధ్య కూర్చుని సాధన చేశారు. అక్క మొదలుపెట్టింది. చెల్లెలు అందుకుంది. రెండో మాట దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ ఒకే చోట ఉన్నారు. చెల్లెలు దిగబోయింది. దిగితే ఎక్కడో తెలియని చీకటి మెట్టు మీద కాలు పడింది. మళ్ళీ పైకొచ్చి అక్క పక్కన నిలబడింది. ఏమే, నా మీదకి ఎక్కుతున్నావు అని అక్క నవ్వింది. జలుబు చేసి చెవులు దిమ్ముగా ఉన్నాయని చెల్లెలు అంది. మిరియాలు నమలమని అక్క సలహా ఇచ్చింది.

ఇంటికొచ్చి, పై గొంతు ఫోనులో రికార్డు చేసుకుని, దానికి కింద పాడబోయింది. రాలేదు. ఎన్నేళ్ళుగానో కాడికి దాపట, ఎడమ పక్కన, కట్టిన ఎద్దును తీసుకొచ్చి వలపట, కుడి పక్కన, కడితే ఏమవుతుంది? బలం తగ్గదు, నాగటి చాలు మరిచిపోదు, కానీ మెడ తిప్పి తిప్పి తన పాత పక్కకే ఒరుగుతుంది. ఈమె గొంతు కూడా అంతే, ఏ మాటకు ఆ మాట పైకే ఒరిగింది. తను పుట్టి పెరిగిన చోటికి దారి మరిచిపోయిందని ఆ గదిలో ఒంటరిగా కూర్చుని తెలుసుకుంది. పెట్టె దొంగిలించిందని అనుకుందామంటే అదీ కుదరదు. అది తొక్కితేనే పాడింది. తొక్కిన కాలు తనదే.

చెప్పేస్తే సరిపోయేది. అక్కా నాకు రావడం లేదు, కొన్నాళ్ళు ఆగుదాం అంటే ఒక్క ఊపిరిలో అయిపోయే మాట. కానీ నిద్రలో లేపినా తప్పదు అని ఊరంతా చెప్పుకున్న మనిషితో ఆ మాట ఎలా అనడం. బంగారం దాచమని ఇస్తే తాకట్టు పెట్టినవాడు సొత్తు గలాయన ఎదురొస్తే సందు మారతాడు. చెల్లెలూ సందు మారింది.

ఆమె కనిపెట్టిన సందు ఇది. ఎప్పుడూ తన మైకు తీగే పెట్టెలోకి వెళ్తుంది. ఆ ఆదివారం అక్క మైకు తీగను పెట్టెలోకి పెట్టాలి. అక్క పాడుతుంటే పెట్టె అక్క గొంతునే దించి కింది గొంతు చేస్తుంది. తన మైకు నోరు నొక్కేసి తను ఊరికే పెదవులు కదపాలి. తన గొంతునే పెట్టెలో పోసి కింది గొంతు తీద్దామా అని కూడా ఆలోచించింది. ఆ పాత పెట్టెకు అసలు గొంతును దాచి, దించిన గొంతును మాత్రమే వినిపించే వీలు లేదు. అందుకని ఇదొక్కటే దారి. ఒక్క పాట. అక్కకు ధైర్యం వస్తుంది, తర్వాత తీరిగ్గా నేర్చుకోవచ్చు. మనసు తప్పు చేయడానికి సిద్ధమైనప్పుడు ఎదుటివాళ్ళ మేలునే ముందు పెట్టుకుని బయల్దేరుతుంది.

ఆదివారం హాలు నిండుగా ఉంది. పళ్ళేల చప్పుడు, పిల్లల కుర్చీలు గచ్చు మీద గీసుకునే చప్పుడు. అక్క మెడ మీది గీత కనబడకుండా పూసల దండ వేసుకుని వచ్చింది. బావ మొదటి బల్ల దగ్గర కూర్చుని, తినడానికి ఏం కావాలని అడిగినవాణ్ణి చేత్తో పొమ్మన్నాడు. చెల్లెలు తీగలు మార్చి పెట్టింది. ఎప్పుడూ నీ కాలి దగ్గరుండే తీగ ఇటెందుకొచ్చిందే అని అక్క అడిగితే, నీకు ఈ మైకు మెత్తగా పలుకుతుంది అంది.

అక్క మొదటి చరణం ఒంటరిగా పాడింది. గొంతు వణికింది గానీ నిలబడింది. రెండో చరణం దగ్గర చెల్లెలు తొక్కింది. దీపం వెలిగింది. కింది గొంతు వచ్చి పక్కన చేరింది.

అక్క చెల్లెలి వైపు తిరిగింది. ఆ చూపును చెల్లెలు గిటారు వైపు తలొంచుకుని తప్పించుకుంది గానీ, ఓరకంట కనబడనే కనబడింది. తప్పిపోయిన పిల్ల సంతలో కనబడితే తల్లి చూసే చూపు అది. అక్కకు అనుమానం రాలేదు. ఆపరేషను తర్వాత వచ్చిన తన గొంతు తనకే ఇంకా కొత్త. రెండో గొంతులో ఉన్న ఇసుకను చెల్లెలి జలుబు అనుకుంది. ధైర్యం వచ్చి, చరణం చివరి ఎత్తుకు ఎక్కబోయింది. అక్కడ గొంతు చీరుకుంది. ఆపుకోలేక దగ్గింది.

ఆమె దగ్గుకు సరిగ్గా రెండు మెట్ల కింద, అదే క్షణాన, ఇంకో దగ్గు వచ్చింది. కాస్త మగ దగ్గులా ఉంది. అక్క మళ్ళీ దగ్గింది. కింది మనిషి మళ్ళీ దగ్గాడు. ఓ బల్ల దగ్గర పిల్లాడొకడు కిచకిచ నవ్వాడు, వాడితో పాటు హాలంతా నవ్వింది.

అక్క చెల్లెలి కళ్ళలోకి చూడలేదు. నోటి వైపు చూసింది. తలొంచుకుని, ఏం జరిగిందో ఇంకా తలకెక్కని చెల్లెలి పెదవులు పాట మాటల్ని శ్రద్ధగా కదుపుతూనే ఉన్నాయి. చప్పుడు లేదు.

అప్పటికి తెలిసి చెల్లెలు కంగారుగా పెట్టెను తొక్కింది. దీపం ఆరిపోయింది. కింద ఏమీ లేని చోట అక్క గొంతు ఒక్కటే మిగిలింది. ఆమె మిగిలిన రెండు మాటలూ పాడింది, మైకును జాగ్రత్తగా దాని చోట పెట్టింది, జనానికి దండం పెట్టి దిగిపోయింది. బావ లేచి వెంట నడిచాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. హోటలాయన వచ్చి, ఆ దగ్గుల అంకం బాగుందమ్మా, ప్రతివారం పెట్టుకో అన్నాడు.

మర్నాడు బావ ఫోను చేశాడు. అక్క సరిగ్గా తినడం లేదట. ఇక పాట మాట ఎత్తనందట. ఇంకో మాట కూడా అందట. నా గొంతు పక్కన తన గొంతు పెట్టడానికి దానికి నామోషీ వేసింది, అది పాడుకుని బతికే మనిషి, దాని పేరు అది కాపాడుకోవద్దా, నేనే తెలుసుకుని ఉండాల్సింది అందట.

ఇది విన్నప్పుడు చెల్లెలికి ముందు కలిగింది హమ్మయ్య అన్న భావం. అక్కకు తెలియలేదు. తనకు రాదన్న సంగతి తెలియలేదు. ఆ తర్వాతే, ఆ హమ్మయ్య దేని మీద నిలబడి ఉందో కనబడింది. అక్క తన గొంతు పనికిరాదని నమ్మింది. ఆ నమ్మకం అలాగే ఉంటే చెల్లెలి పరువు అలాగే ఉంటుంది. బావ కూడా, పోనీలే మరదలా, నువ్వేం కదపకు, నాలుగు రోజులైతే అదే సర్దుకుంటుంది అన్నాడు. సర్దుకుంటుందని ఆమెకూ తెలుసు. జనం ఎంతెంత వాటికో సర్దుకుంటారు.

తర్వాతి ఆదివారం దాకా కదపలేదు. ఆ రోజు హోటల్లో మామూలుగా తీగలు పెట్టి, మామూలుగా తొక్కింది. తన గొంతే కింద నుంచి వచ్చింది. చక్కగా, తప్పు లేకుండా, దగ్గు లేకుండా. పాట మధ్యలో దీపం ఆర్పేసింది. మిగతాది బోడిగా పాడింది. భోంచేస్తున్నవాళ్ళకు తేడా తెలిసినట్టు లేదు. గిటారు సర్దుకుని తిన్నగా అక్క కొట్టుకు వెళ్ళింది.

అక్క మిషను ముందుంది. పెదవుల మధ్య గుండుసూదులు. బావ నిచ్చెన మీద కూర్చుని పరదాకు రింగులు ఎక్కిస్తున్నాడు. పరదాల కోసం వచ్చిన టీచరమ్మ ముక్కాలి పీట మీద కూర్చుని, ఈవేళైనా ఇస్తారా అని అడుగుతోంది. అక్క చెల్లెల్ని చూసి భోంచేశావా అని అడిగింది. ఆ అడగడంలో ఏ తేడా లేదు. తేడా లేకపోవడమే చెల్లెలికి గుచ్చుకుంది.

"అక్కా, పడవ పాట ఒక్కసారి ఎత్తుకో."

పని ఉందని అక్క సూదుల సందునుంచి అంది. నిచ్చెన మీది నుంచి బావ వద్దన్నట్టు కళ్ళతో సైగ చేశాడు.

"పోనీ, నేనే పాడతా. విను."

గడప దగ్గర నిలబడే కింది గొంతు మొదలుపెట్టింది. తప్పుగా పాడి చూపించడమే కదా, అదెంత పని అనుకుని వచ్చింది. తీరా పరాయి మనిషి ఎదురుగా నోరు తెరిస్తే, ఒళ్ళంతా ఎలాగైనా సరిగ్గా రావాలని కొట్టుకుంది. మొదటి మాట కింద పడింది. రెండోది జారింది. మూడోది మామూలుగా పైకెక్కి కూర్చుంది. ఆగి మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అంతే.

బావ నవ్వాడు. "అది మీ అక్క పాట కదా మరదలా. నీది పాడు."

"నాది ఇదే బావా. నాది పోయింది."

మిషను ఆగింది. అక్క సూదులు ఒక్కొక్కటే తీసి మిషను బల్ల మీది దిండుకు గుచ్చింది.

"జలుబన్నావు."

"జలుబు లేదు. నీ గొంతుకు నామోషీ పడలేదక్కా. నాకు రాకే నోరు కదిపా. నీ చోటు ఉంచానన్నా కదా, ఉంచలేదు. అందులో నేను కూర్చున్నా. పెట్టె ఉందిలే అని నా చోటు పాడుబెట్టుకున్నా."

టీచరమ్మ వాళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూసింది. ఏ పెట్టె అని బావను అడగబోయి మానుకుంది. అక్క ఆగిన పరదా అంచు చివరిదాకా కుట్టి, దారం తెంపింది.

"నాకు అన్నం సయించడం లేదని మీ బావ చెప్పాడా నీకు?"

"చెప్పాడు."

"నేనేమనుకుంటున్నానో చెప్పాడా?"

"చెప్పాడు."

"తెలిసీ ఊరుకున్నావు."

పాట రాకపోవడానికి సాకు ఉంది, పెట్టె ఉంది, ఏళ్ళున్నాయి. ఊరుకోవడానికి ఏ సాకూ లేదు. "ఊరుకున్నా" అంది చెల్లెలు. తల ఎత్తి అందామనుకుంది గానీ ఎత్తలేకపోయింది.

అక్క లేచి, కుట్టిన పరదా మడిచి టీచరమ్మ ఒళ్ళో పెట్టింది. ఇంకొకటి ఉందండీ, కూర్చోండి అంది. మళ్ళీ మిషను దగ్గర కూర్చుంది. గుడ్డ సర్దుకుంటూ, ఎవరితోనో అన్నట్టు పాట ఎత్తుకుంది. పైది కాదు. కిందిది. ఇసుక కలిసిన ఆ దిగిన గొంతుకు ఆ కింది దారి ఇబ్బంది లేకుండా అందింది. పాడింది చెల్లెలి పాటే. ఎక్కడ ఊపిరి తీసుకునేదో, ఏ అక్షరం దగ్గర చిటికెడు వెనకబడేదో, ఏ మాట చివర గొంతు లోపలికి మింగేదో, అన్నీ ఉన్నాయి. చెల్లెలికి తను ఎప్పుడో పారేసుకున్న చొక్కాను ఇంకొకరు ఉతికి, ఇస్త్రీ చేసి ముందు పెట్టినట్టనిపించింది.

"నా ఎడం చెవిలో అన్నేళ్ళు పాడావు" అంది అక్క. "నాకు రాకుండా ఎట్లా ఉంటుంది. ఇప్పుడు నువ్వు పెద్ద పాటగత్తెవు కదా. అను."

చెల్లెలు అంది.

"కాదు."

మళ్ళీ అంది. అక్క తల అడ్డంగా ఊపి, ఆ ఒక్క మాటే తీసి చూపించింది, పసిపిల్లకు ముద్ద చిన్నది చేసి పెట్టినట్టు. చెల్లెలు మళ్ళీ అందుకుంది, మళ్ళీ పైకి జారింది. బావ రింగుల మీదకు తల వంచుకుని నవ్వు బిగబట్టాడు.

"ఇంకొంచెం కిందకి రావాలేమో అమ్మా" అంది టీచరమ్మ, మొహమాటంగా.

పరదాలు కొనడానికి వచ్చిన ఆవిడకు కూడా వినబడుతోంది. చెల్లెలి ముఖం మండిపోయింది. గిటారు సంచీ భుజం మీద ఉండగానే వెనక్కి తిరిగి వెళ్ళిపోవచ్చు, గడప ఒక్క అడుగే. సంచీ దించి గోడకు ఆనించింది. అక్క రెండో పరదాను మిషను మీదికి లాక్కుని, దాని వైపే చూస్తూ, చెయ్యెత్తి మొదటినుంచి అన్నట్టు వేలు ఆడించింది. ఎంత చిన్న గొంతుతో పాడితే ఎంత తక్కువ తప్పు వినబడుతుందో లెక్క చూసుకుని, చివరికి ఆ లెక్క కూడా మానేసి, చెల్లెలు మొదటి మాటను గట్టిగానే అంది.